సెల్బీ పక్షుల బొమ్మలు: రాగిరేకు గీసింది దొరగారేనా?

ప్రశ్న:
ప్రిడో జాన్ సెల్బీ (1788–1867) గురించి చదువుతున్నాను. ఇంగ్లండులోని నార్తంబర్లాండ్‌లో భూస్వామి, ట్విజెల్ హౌస్ ఆయన బంగళా. 1821 నుంచి 1834 దాకా బ్రిటన్ పక్షుల బొమ్మల పుస్తకాన్ని విడతలుగా తెచ్చారు. అంత ఆస్తిపరుడు ఆ బొమ్మలు అచ్చువేసే రాగిరేకులు స్వయంగా గీశారంటే నమ్మబుద్ధి కావడం లేదు. పనివాళ్లు చేస్తే పేరు ఈయన పెట్టుకున్నారా?

జవాబు:
అనుమానం అక్కరలేదు, చాలావరకు ఆయన చేతిపనే. కొన్ని బొమ్మలు భార్య సోదరుడు రాబర్ట్ మిట్‌ఫర్డ్ వేశారు. అచ్చు వేసింది ఎడిన్‌బరోలో విలియం లిజార్స్.

నేనూ ఈ పని కొంత చేశాను. రేకుకు మైనపు పూత పూసి, సూదితో గీకి, ఆమ్లంలో పెట్టాలి. గీకిన చోట మాత్రమే ఆమ్లం రాగిని తింటుంది. అచ్చులో బొమ్మ తిరగబడుతుంది కనుక, కుడివైపు చూసే గుడ్లగూబ కావాలంటే రేకు మీద ఎడమవైపు చూడాలి. మొదటిసారి ఆ సంగతి మరిచిపోయాను. నా సంతకం అద్దంలో రాతలా వచ్చింది!

మరో జవాబు:
అమెరికా పక్షుల చిత్రకారుడు ఆడుబాన్‌ను వదిలేశారే. 1826లో ఎడిన్‌బరో వచ్చినప్పుడు సెల్బీకి, స్కాట్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త విలియం జార్డిన్‌కు ఆయన చిత్రలేఖన పాఠాలు చెప్పారు. అయినా సెల్బీ పక్షుల్లో ఆడుబాన్ బొమ్మల ఊపు రాలేదు. ఫొటోకు కూర్చున్న పెద్దమనుషుల్లా కుదురుగా ఉంటాయి. ఈకలు పోల్చుకోవడానికి మాత్రం నాకు అవే నచ్చుతాయి.

ప్రశ్న అడిగినవారు:
సందేహం తీరింది. ఆ తిరగబడిన సంతకం దాచుకుని ఉంటే ఇక్కడ పెట్టండి, చూస్తాం.