బేరలుకా, పేరలుకా?

కావలి నుంచి ప్రశ్న:
మొన్న ఆదివారం ఇంట్లో ‘స్పైడర్‌మ్యాన్’ మూడవ భాగం (2007) చూస్తున్నాము. ఉంగరం ఇవ్వాలని పీటర్ (ముసుగు వెనుక స్పైడర్‌మ్యాన్ అతడే) పిలిచిన విందు నుంచి అతని ప్రియురాలు మేరీ జేన్ కంట తడితో లేచి వెళ్ళిపోగానే, లెక్కల మాష్టారుగా పనిచేసి పద్యాలతో కాలం గడుపుతున్న మా మేనమామ “కాంత లుచిత వ్యాపారముల్ నేర్తురే” అని చదివి నవ్వారు. దానికి కాస్త ముందు ‘బేరలుక’ అనే మాట ఉన్నదనీ, బేరం కుదుర్చుకోవడానికి పడే అలుకనే అలా అంటారనీ, ఈ పిల్లది చేస్తున్నది అదేననీ కూడా వివరించారు. ఇంటర్ చదివే మా అమ్మాయి అప్పటి నుంచి ఆయనతో సరిగా మాట్లాడడం లేదు. పద్యం ‘పారిజాతాపహరణం’లోనిదని తెలుసు గాని నాకు పూర్తిగా గుర్తు రావడం లేదు, ‘బేరలుక’ నిఘంటువులో కనబడడమూ లేదు. పెద్దలు చెప్పగలరు.

నెల్లూరు మూలాపేట నుంచి:
నిఘంటువులో దొరకదు, ఎందుకంటే అటువంటి మాట లేదు. కృష్ణుడు పారిజాతం పూవును రుక్మిణికి ఇచ్చాడని అలిగిన సత్యభామ ఆయన తలను కాలితో తోసిన చోట నంది తిమ్మన రాసినది ఇది: “దొలగం ద్రోచె లతాంగి, యట్ల యగు నాథుల్ నేరముల్ సేయఁ బే / రలుకం జెందిన యట్టి కాంత లుచిత వ్యాపారముల్ నేర్తురే”. ‘సేయన్’ మీద ‘పేరలుకన్’ వచ్చి, ద్రుతం (‘సేయన్’ చివరి నకారం) తరువాతి పరుషం ‘పే’ సరళమై ‘బే’ అయింది. పేరోలగం, పేరురం అన్నట్లే పేరలుక అంటే పెద్ద అలుక. మీ మేనమామగారు సంధిని విడదీయకుండా అర్థం చెప్పారు, పైగా “నాథుల్ నేరముల్ సేయ” అన్న భాగాన్ని విడిచిపెట్టారు. అది లేకపోతే ఈ పద్యం ఆడవారిని ఆక్షేపించే సామెతగా మిగులుతుంది. మేరీ జేన్‌ను నిందించే అభిమానులు చేస్తున్నదీ ఇదే. విందులో ఆమె అలగడం వారికి గుర్తుంటుంది గాని, అంతకు ముందు ఊరందరి ఎదుట స్పైడర్‌మ్యాన్ తలకిందులుగా వేలాడి, మొదటి చిత్రంలో తామిద్దరికే సొంతమైన ఆ ముద్దును గ్వెన్ స్టేసీకి ఇచ్చిన సంగతి గుర్తుండదు.

ఒంగోలు నుంచి:
వివరణ బాగుంది గాని, చిన్నప్పుడు మా తాతగారి నోట నేను విన్నది “నేరముల్ సేయు” అని. ఛందస్సుకు అది కూడా సరిపోతుంది, ‘య’ అయినా ‘యు’ అయినా లఘువే కదా. ఇక పేరుకు అచ్చు పరమైనప్పుడు టుగాగమం వికల్పమని చిన్నయసూరి చెప్పాడు గనుక ‘పేరుటలుక’ అన్నా తప్పు కాదని కూడా గుర్తు చేస్తున్నాను.

మూలాపేట నుంచి:
తప్పు కాదు గాని ఈ పద్యం నడిచే మత్తేభ వృత్తం కుంటుతుంది. ‘సేయు’ అన్నారంటే అది అలుకకు విశేషణమై, ‘నాథులు నేరాలు చేసే పెద్ద అలుక’ అని అర్థం లేకుండా పోతుంది. అంతేకాక అక్కడ ద్రుతం ఉండదు, ద్రుతం లేకపోతే ‘బే’ రాదు. మీ తాతగారు ‘సేయు పేరలుక’ అని చదివారో, ‘సేయు బేరలుక’ అని చదివారో దయచేసి జ్ఞాపకం చేసుకోండి. భర్త తప్పు ‘చేయగా’ అలిగింది అనే కారణార్థం మొత్తం ఆ ఒక్క బకారం మీద నిలబడి ఉన్నది.

కందుకూరు నుంచి:
అయ్యా, మీరిద్దరూ బకారం దగ్గరే ఆగిపోయారు, నా సందేహం ‘నేర్తురే’ దగ్గర ఉన్నది. నేర్చు అంటే తెలియడమా, చేతనగుటా? ‘వీణ నేర్చింది’ అన్నప్పుడు తెలివి, ‘చెప్పనేరను’ అన్నప్పుడు శక్తి. మొదటి అర్థం తీసుకుంటే ఉచితమేదో కాంతలకు తెలియదని నింద వస్తుంది. రెండవది తీసుకుంటే, అంత కోపంలో ఉచితంగా నడుచుకోవడం ఎవరి తరం అనే సానుభూతి వస్తుంది. ‘నేరము’ అన్న మాట సైతం ‘నేరమి’ నుంచే వచ్చిందని నా అభిప్రాయం. అదే నిజమైతే ఒకే ధాతువును మగవారికి తప్పుగానూ ఆడవారికి అశక్తతగానూ తిమ్మన పంచిపెట్టాడన్నమాట. ‘బ్యాట్‌మ్యాన్’ చిత్రాలలో, ఆ ముసుగు తొడిగే బ్రూస్ ప్రేమించిన రేచల్ విషయంలోనూ ఈ రెండర్థాల తగాదాయే నడుస్తున్నది. 2005 నాటి చిత్రం చివర, ముసుగు అవసరం తీరిన రోజున చూద్దామన్నట్లు ఆమె బ్రూస్‌తో చెప్పింది. 2008లో హార్వీ డెంట్‌ను ఎంచుకున్నందుకు మాట తప్పిందన్నారు. ఆమె రాసి ఇచ్చిన ఉత్తరంలో ఉన్నది వేరు: ఊరికి ముసుగుతో పని తీరవచ్చు గాని, బ్రూస్‌కు దానితో పని తీరే రోజు రాదని ఆమెకు అర్థమైంది. ఆ ఉత్తరాన్ని ఇంటి పరిచారకుడు ఆల్ఫ్రెడ్ బ్రూస్‌కు చూపకుండా కాల్చేశాడు, చూసిన ప్రేక్షకులూ చదవనట్లే మాట్లాడుతున్నారు.

నెల్లూరు సంతపేట నుంచి:
అమ్మా, మీ ధాతువు ఊహ బాగున్నది గాని రుజువు కావాలి. తిమ్మనను ఎంత మెచ్చుకున్నా 16వ శతాబ్దం వాడు, మా పెన్న ఒడ్డున తిక్కన 13వ శతాబ్దంలోనే ఈ పని ముగించాడు. మారుపేర్లతో బతికే వీరుల కథ విరాటపర్వం కంటే గొప్పది ఏ దేశంలో ఉన్నది? వలలుడు, బృహన్నల, కంకుడు అందరూ ముసుగు వీరులే. కీచకుడు సభలో తన్నితే సైరంధ్రి మొర పెట్టుకుంటుంది, ముసుగు జారిపోతుందేమోనని కంకుడు ఆమెనే మందలిస్తాడు, కులసతి ఇలా నాట్యం చేసినట్లు మెలగరాదంటాడు. దానికి ఆమె, నా మగడే నటుడు, అంతే కాదు జూదరి, జూదరి ఆలికి గరువతనం ఎక్కడిదని అడుగుతుంది. రహస్యాన్ని కాపాడుతూనే అసలు మనిషికి తగలవలసిన చోట తగిలించిన ఈ సంభాషణ ముందు, కోటలు కూలగొట్టే చిత్రాలలో ఏ నాయిక మాటా నిలవదు. అభిమానులు ఎప్పుడూ కంకుడి పక్షమే వహిస్తారు. ఆమె ఎందుకు ఏడ్చిందని అడగరు, సభలో ఎందుకు ఏడ్చిందని అడుగుతారు.

అద్దంకి నుంచి:
తిక్కనకు నమస్కారం, కానీ ఎఱ్ఱన పేరెత్తకుండా ఈ జిల్లాల వారు చర్చ ముగిస్తే మాకు చిన్నతనంగా ఉంటుంది. ఆ మాట అలా ఉంచి, మా కుర్రవాళ్ళు గ్వెన్‌ను రుక్మిణి అనీ మేరీ జేన్‌ను సత్యభామ అనీ విడదీసి చెబుతున్నారు, అది నాకు మింగుడు పడలేదు. 2014 నాటి స్పైడర్‌మ్యాన్ చిత్రంలో రావద్దని పీటర్ ఆమె చేతిని జిగురుతో కారుకు అంటించిపోతే, దాన్ని విడిపించుకుని పోరు దగ్గరికి వచ్చినది గ్వెనే. చనిపోయింది కనుక ఓర్పు గల దేవతగా పూజిస్తున్నారే తప్ప ఆమె అన్ని విధాలా సత్యభామే. నరకుని యుద్ధంలో “అరిఁ జూచున్ హరిఁ జూచు” అని నాచన సోమన చూపించిన సత్య అన్నమాట. దాన్నే పోతన “పరుఁ జూచున్ వరుఁ జూచు” అని సవరించాడు, నా ఓటు మాత్రం సోమనకే.

కందుకూరు నుంచి:
సోమన కన్నా పోతన మెరుగని నేను వేరే చోట వాదిస్తాను. ఇక్కడ ఇంకొక్క మాట. ‘పారిజాతాపహరణం’లో తన్నులు తిన్న కృష్ణుడు ఆ కోపాన్ని “నెయ్యపుఁ గిన్క” అన్నాడు, అంటే ప్రేమలో పుట్టిన కినుక. తన పులకలు ముళ్ళై ఆమె పాదానికి నొప్పి కలిగిస్తాయేమోనని కూడా అన్నాడు. చాలామంది దీన్ని నాయకుడి గొప్పతనంగా చెబుతారు. నాకు అందులో కొంచెం తప్పించుకునే నేర్పు కనబడుతుంది. కవి పేరలుక అన్నదాన్ని నాయకుడు నెయ్యపు కినుకగా తగ్గించాడు, పూవు ఇంకొకరికి ఇచ్చిన సంగతి ఊసెత్తలేదు. ఆ విందులో పీటర్ కూడా ఆమెకు కోపం ఎందుకు వచ్చిందో తెలియనట్లే కూర్చుంటాడు. తరువాత వంతెన మీద ఆమె తెగదెంపులు చేసుకున్నది పీటర్‌ను చంపుతానని అతని పాత మిత్రుడు హ్యారీ బెదిరించినందుకే అయినా, అది సైతం ఆమె చంచలత్వం ఖాతాలోనే పడింది.

ఒంగోలు నుంచి:
మా పెద్దన్నయ్యను అడిగాను. తాతగారు ‘సేయు బేరలుక’ అనే చదివేవారట. కనుక ఇద్దరమూ సగం గెలిచాము.

మూలాపేట నుంచి:
‘యు’ మీద ‘బే’ రాదని ఇప్పుడే చెప్పాను. తాతగారి నోట ద్రుతం మిగిలి ఉత్వం వచ్చి చేరిందంతే.

కావలి నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. సంధి విడదీసి మా మేనమామకు చూపించాను. ‘బేరలుక’ను వదులుకుంటానన్నారు గాని, ‘నేర్తురే’ తెలివి అర్థంలోనే ఉన్నదని పట్టుబట్టారు. అమ్మాయి చేతనగుట అంటున్నది. ఇద్దరూ ఇప్పుడు నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చున్నారు కనుక మాటలు కలిసినట్లే. ఆమె ఇంకొక ప్రశ్న కూడా మీకు పంపమన్నది: అంత బలంగా తలను తోసిన మనిషిని, ఆ తోసిన క్షణంలోనే, తిమ్మన ‘లతాంగి’ అన్నాడేమిటి?