సెట్‌లో ఒక మనిషి తక్కువ: స్కాటిష్ కంట్రీ డాన్సు క్లాసుకి వెళ్లొచ్చా?

అబర్డీన్, కొత్త సభ్యురాలు

అందరికీ నమస్కారమండీ. మా ఆయన ఉద్యోగం మీద అబర్డీన్ వచ్చి మూడు నెలలైంది. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆయన చీకటితో వెళ్లి చీకటితో వస్తారు. ఇక్కడ ఈ నవంబరు ఆఖర్న మూడున్నరకే పొద్దు వాలిపోతోంది, నేను గోడలతో మాట్లాడుకుంటున్నాను. మొన్న లైబ్రరీ బోర్డు మీద ఒక కాయితం చూశాను. ప్రతి మంగళవారం సాయంత్రం చర్చి హాల్లో స్కాటిష్ కంట్రీ డాన్సు, కొత్తవాళ్లు రావచ్చు, జంట లేకపోయినా పర్లేదు అని ఉంది. చిన్నప్పుడు ఊళ్లో కోలాటం వేసేదాన్ని, అంతకు మించి నాకు డాన్సు రాదు. ఒక్కదాన్నే వెళ్తే ఎబ్బెట్టుగా ఉంటుందా? మగవాళ్ల చేయి పట్టుకోవాలా? ఏం వేసుకోవాలి? ఇది 'సీలిద్' లాంటిదేనా? ఇంగ్లీషు వచ్చు గానీ ఇక్కడివాళ్ల యాస సగం అందడం లేదు. మా ఆయన్ని అడిగితే "వెళ్లు, పడకు" అన్నారు.

గ్లాస్గో, తొమ్మిదేళ్లుగా

అమ్మా, ముందుగా అది సీలిద్ కాదు, కేలీ. నేను ఆఫీసులో ఆర్నెల్లు సీలిద్ అనే అన్నాను, ఒక్కరూ దిద్దలేదు. ఇక్కడివాళ్ల మర్యాదలో వచ్చిన చిక్కే అది.

కేలీ అంటే పెళ్లిళ్లలో, పండగల్లో అందరూ కలిసి ఎగిరేది. ఒకరు మైకు పట్టుకుని ఇప్పుడు ఇటు, ఇప్పుడు అటు అని చెబుతుంటారు. తప్పులు పోతేనే అక్కడ సరదా. మీరు చూసిన క్లాసు కూడా ఆ కుటుంబంలోదే, కాకపోతే కుదురుగా నేర్పుతారు. కత్తుల మీద ఒక్కరే ఎగిరే హైలాండ్ డాన్సు వేరే, దాని జోలికి మనం పోనక్కర్లేదు.

నా మొదటి కేలీ మా ఆఫీసతని పెళ్లిలో. 'స్ట్రిప్ ద విల్లో' అని ఒకటుంది. మోచేతులు మెలేసి ఒకరి తర్వాత ఒకరు మనల్ని గిరగిరా తిప్పి వదులుతారు. నేను వేసుకున్నవి నున్నటి తోలు అడుగున్న బూట్లు. వదిలిన వేగానికి పక్క వరుసలోకి జారిపోయి, పెళ్లికూతురి మేనత్తగారితో ఒక చుట్టు తిరిగి మరీ వెనక్కొచ్చాను. ఆవిడ ఇప్పటికీ కనబడితే పలకరిస్తారు. అందుకే చెబుతున్నా, బూట్ల సంగతి ముందు చూసుకోండి.

ఎడిన్‌బరా, పదకొండేళ్లుగా

చెల్లీ, చనువుగా నువ్వు అంటున్నాను, ఏమనుకోకు. ముందు వెళ్లు. నేను రాసేదంతా వెళ్లొచ్చాక చదువుకున్నా ఫర్వాలేదు.

నా మొదటి చలికాలం కూడా నీలాగే గడిచింది. నలుగురు పరిచయమవుతారని పుస్తకాలు చదివేవాళ్ల దగ్గరికి వెళ్లాను, పిల్లల తల్లులు కాఫీకి కలిసే చోటికి వెళ్లాను. ఎక్కడికెళ్లినా మాట్లాడగలిగితేనే మనిషి కింద లెక్క. వాళ్ల మాట అందదు, నా మాట పెగలదు, కప్పు చేత్తో పట్టుకుని నవ్వుతూ కూర్చోవడమే. డాన్సు హాల్లో అడుగు పెట్టిన పది నిమిషాలకి ఒక పెద్దాయన నన్ను చేయి ఊపి పిలిచాడు. ఏడుగురు నిలబడి ఉన్నారు, ఎనిమిదో మనిషి లేక డాన్సు ఆగిపోయింది. నాకు రాదన్నాను. తెలుసులే, వచ్చి నిలబడు చాలు అన్నాడు. ఈ దేశంలో నేను లేక ఆగిన పని అదే మొదటిది. యాస భయం కూడా అక్కడే పోయింది. కుడి చేయి, ఎడమ చేయి, వెనక్కి, ఇంతకు మించి ఇంగ్లీషు అక్కర్లేదు. అర్థం కాకపోతే ఎదురుగా ఉన్నవాళ్లు కళ్లతోనే దారి చూపిస్తారు.

నువ్వు కోలాటం అన్నావు చూడు, సగం పని అయిపోయినట్టే. ఇక్కడ ఎక్కువగా నాలుగు జంటలు ఎదురెదురు వరుసల్లో నిలబడతాయి, దాన్ని సెట్ అంటారు. సంగీతం వచ్చే వైపు 'పైన'. పై నుంచి ఒకటో జంట, రెండో జంట అని లెక్క. ఒక డాన్సు మామూలుగా 32 బార్లుంటుంది (బార్ అంటే సంగీతంలో ఒక చిన్న లెక్క), ఎనిమిదిసార్లు తిరిగి వస్తుంది, ఒక్కో జంటకి రెండేసిసార్లు పైనుండే వంతు. కొత్తల్లో ఎప్పుడూ పైన నిలబడకు. నాలుగో జంటగా నిలబడితే చాలా డాన్సుల్లో మొదటి 32 బార్లు ఊరికే చూడొచ్చు, రెండోసారికి కాలు కలపొచ్చు, నీ వంతు వచ్చేసరికి కళ్లకి దారి పట్టుబడుతుంది. ఒక్కటి మాత్రం మరవకు. పై జంట కిందికి దిగినప్పుడు ఆ ఖాళీలోకి పక్కవాళ్లు ఒకడుగు పైకి జరగాలి. కొత్తవాళ్లందరూ తప్పేది అక్కడే. నేను ఒక నెల పాటు మేకులా నిలబడిపోయాను, అందరూ నా చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లు.

'గ్రాండ్ చెయిన్' వచ్చినప్పుడు నన్ను తలుచుకో. ఎదురొచ్చిన మొదటి మనిషికి కుడి చేయి, తర్వాతి మనిషికి ఎడమ చేయి ఇస్తూ, ఒకరికి ఇటు నుంచి, ఇంకొకరికి అటు నుంచి దూరిపోవాలి. ఇది మన జడ కోలాటం దారే కదా! చేతిలో తాడు లేదు, పైన గుంజ లేదు, అంతే తేడా. 'రీల్ ఆఫ్ త్రీ' అంటే ముగ్గురూ 8 అంకె గీస్తూ అల్లుకోవడం. మూడు పాయల జడ అల్లిన చేతికి అది చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో రాసిన వివరణ చదివితే మాత్రం తల తిరుగుతుంది. నేను తెలుగులో కోలాటం కోపుల లెక్కన రాసుకునేదాన్ని: మొదటి ఎనిమిది గుండ్రం, రెండో ఎనిమిది జడ, మూడో ఎనిమిది నడిమికెళ్లి వెనక్కి. ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది.

కోలాటంలో లేనిది పాదం పని. 'పా ద బా' అంటారు, ఉన్నచోటే వేసే మూడడుగులు. మునివేళ్ల మీద వేయాలి, మడమ ఆనకూడదు. టీచరు ఒక పూటంతా దాని మీదే కూర్చుంటే విసుక్కోకు. దానికో కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కొత్త డాన్సుల హోరులో ఈ పాతవి మరుగున పడుతుంటే, 1923లో గ్లాస్గోలో ఇద్దరు ఆడవాళ్లు పూనుకుని వీటి కోసం సొసైటీ పెట్టించారు. యిసబెల్ స్టీవర్ట్, జీన్ మిలిగన్. ఇప్పుడు ఇక్కడి క్లాసుల్లో చాలావరకు నడిపే రాయల్ స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీ అదే, 'రాయల్' 1951లో చేరింది. మిలిగన్ వ్యాయామం నేర్పే పంతులమ్మ. ఈ మడమల పట్టింపంతా ఆవిడ చలవేనని నా అనుమానం.

సంగీతానిది మూడు నడకలు. రీల్, జిగ్ పరుగులు. ఎనిమిది తిరుగుళ్లూ నాలుగున్నర నిమిషాల్లో అయిపోతాయి. స్ట్రాత్‌స్పే నిదానం, స్పే నది లోయ పేరు మీద వచ్చింది, దాదాపు రెట్టింపు సేపు సాగుతుంది. నిదానం కదా అని తేలిగ్గా తీసుకోకు, మర్నాడు మెట్లెక్కేటప్పుడు పిక్కలు చెబుతాయి.

ఇక చేయి సంగతి. పట్టుకోవాలి, తప్పదు. కానీ భుజం ఎత్తున, షేక్ హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకుని ఎనిమిది లెక్కపెట్టేలోపు వదిలేస్తారు. నడుం పట్టుకోవడం క్లాసు డాన్సుల్లో దాదాపు ఉండదు. కేలీలో కొన్నింటికి ఉంటుంది. అయినా ఏ హాల్లో చూసినా ఆడవాళ్లే ఎక్కువ, ఆడవాళ్లు మగ వరుసలో నిలబడడం రోజూ చూసేదే. ఇంకా మొహమాటమైతే ఆడవాళ్లతోనే మొదలుపెట్టు, ఎవరూ కారణం అడగరు. 51వ డివిజన్ రీల్ అని ఒకటుంది. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లో పట్టుబడిన స్కాట్లాండ్ సైనికులు జర్మనుల ఖైదులో ఉండి కూర్చుకున్నది. నలుగురు చేతులు కలిపి ఒకసారి ఈ మూల నుంచి ఆ మూలకి, ఇంకోసారి మిగతా రెండు మూలల మధ్య ఏటవాలుగా వరుస కడితే గుణకారం గుర్తు పడుతుంది, అది వీళ్ల జెండా మీది సెయింట్ ఆండ్రూ శిలువ. ఖైదులో ఆడవాళ్లెక్కడ, మగ జంటలతోనే వేశారు. మొదటిసారి వేశాక ఆ సంగతి చెప్పారు, ఇంటికెళ్లేదాకా బస్సులో అదే ఆలోచన.

వేసుకోవడానికి కుర్తా, లెగ్గింగ్ చాలు. చున్నీ ఇంట్లో వదిలేయ్, లేదా రెండు వైపులా పిన్ను పెట్టు. గాజులు తీసేయ్, మట్టిగాజులైతే మరీను. మంగళసూత్రం లోపలికి వేసుకో. స్పోర్ట్స్ షూ నేలని పట్టేస్తాయి, ఒళ్లు తిరుగుతుంది గానీ పాదం తిరగదు, మోకాలికి దెబ్బ. ఉత్త మేజోళ్లు జారతాయి. మెత్తటి అడుగున్న పంప్స్ అనే తేలిక బూట్లు చాలు. గిల్లీలనే తాళ్ల తోలు చెప్పులు నచ్చాకే కొనుక్కో. మూడో ఏడు బాల్‌కి, అంటే పెద్ద డాన్సు వేడుకకి, పట్టుచీర కట్టుకెళ్లాను. మొదటి స్ట్రాత్‌స్పే మహారాణిలా సాగింది, తర్వాతి రీల్‌లో కుచ్చిళ్లు నేనే తొక్కుకున్నాను. అప్పట్నుంచి చీరైతే పది పిన్నులు, చీలమండ పైకి. హాలు మొదట చల్లగా ఉంటుంది, రెండో డాన్సుకే చెమట పడుతుంది. తువ్వాలు, నీళ్లు పట్టుకెళ్లు.

మర్యాదలు రెండే. ప్రతి డాన్సుకీ జంట మారాలి. మీ ఆయన వచ్చినా ఆయన్నే అంటిపెట్టుకోకు. ఒకరు అడిగితే కాదని, అదే డాన్సు ఇంకొకరితో వేయకు. అలిసిపోతే ఆ డాన్సంతా కూర్చో.

మాంచెస్టర్

అందరూ తెగ ప్రోత్సహిస్తున్నారు. తెలుగు సంఘాలుండగా చర్చి హాళ్లలో గెంతులెందుకు? మన పిల్లలకి కూచిపూడి నేర్పేవాళ్లు దొరక్క మేము ఏడుస్తుంటే.

ఎడిన్‌బరా

అన్నయ్యా, సంక్రాంతికి ముగ్గులేసేది నేనే, బతుకమ్మ పేర్చేవాళ్లకి పూలు తెచ్చేదీ నేనే. సంఘానికి వెళ్లద్దని ఎవరన్నారు? కానీ మన కూడికల్లో కొత్తగా వచ్చినామెని మొదట అడిగేది మీవారు ఎక్కడ చేస్తారు, ఇల్లు కొన్నారా, విశేషమేమైనా ఉందా అని. హాల్లో నన్ను ఇప్పటిదాకా ఎవరూ వీసా సంగతి అడగలేదు. ఇక చర్చి హాలంటారా, అది అద్దెకి తీసుకున్న గది. ప్రార్థన ఉండదు, టీ ఉంటుంది.

టొరంటో

ఒక్క మాట. నేను డండీలో చదువుకునేటప్పుడు నేర్చుకున్నాను. ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన రెండో వారం క్లాసుకెళ్తే అవే డాన్సులు, అవే పేర్లు, అదే కుడి చేయి. టోక్యోలోనూ ఈ సొసైటీ శాఖ ఉంది. మీ ఆయన ఉద్యోగం రేపు ఎక్కడికి మారినా ఈ విద్య మీ వెంట వస్తుంది. క్లాసులు సెప్టెంబరులో మొదలవుతాయి కాబట్టి మిగతావాళ్లు మీకంటే కొంచెం ముందుంటారు. కంగారు పడకుండా, కొత్తవాళ్లకి విడిగా ఏమైనా ఉందా అని అడగండి.

అబర్డీన్, కొత్త సభ్యురాలు

అక్కా, అన్నయ్యలూ, వెళ్లొచ్చాను! ఒకసారి కాదు, రెండు మంగళవారాలు. మొదటి రోజు తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. లోపలికి వస్తున్న ఒక పెద్దావిడ నాకోసం తలుపు పట్టుకుని నిలబడింది, ఇక వెళ్లక తప్పలేదు.

క్రిస్మస్ పార్టీ కోసమని 'డాషింగ్ వైట్ సార్జెంట్' నేర్పారు. దానికి జంటే అక్కర్లేదు, ముగ్గురికెదురు ముగ్గురు. ఆరుగురూ చేతులు పట్టుకుని గుండ్రంగా వెళ్లి వెనక్కి రావడం ఎనిమిది. నడిమి మనిషి కుడివైపు వారితో, తర్వాత ఎడమవైపు వారితో తిరగడం ఎనిమిది. ముగ్గురి జడ ఎనిమిది. ఎదురెదురుగా నడిచొచ్చి, వెనక్కెళ్లి, ఒక వరుస చేతులెత్తితే రెండో వరుస కింద నుంచి దూరి కొత్త ముగ్గుర్ని కలవడం ఎనిమిది. నన్ను నడిమి మనిషిని చేశారు. జడ దగ్గర ఎవరూ చెప్పకుండానే కాళ్లు వెళ్లిపోయాయి. పా ద బా మాత్రం కప్పగంతులా వస్తోంది. టీ ఇచ్చేటప్పుడు షార్ట్‌బ్రెడ్ పెట్టారు, మైదా, వెన్న, పంచదార అంతే, గుడ్డు లేదన్నారు, తిన్నాను.

ఒక సందేహం. పార్టీకి అందరూ తలా ఒక వంటకం తేవాలట. పులిహోర తీసుకెళ్లనా? తింటారా?

గ్లాస్గో

బ్రహ్మాండంగా తింటారు. కానీ ఎండుమిరపకాయలు ఏరేసి పట్టుకెళ్లండి. మా ఆఫీసులో ఒకతను అలంకారం కాబోలనుకుని నమిలేశాడు. కరివేపాకు కూడా నమలక్కర్లేదని చెప్పండి. గిన్నె మీద 'వేరుశెనగ ఉంది' అని పెద్దక్షరాలతో చీటీ అంటించండి, ఆ గింజ పడనివాళ్లు ఇక్కడ ఉంటారు. లేదంటే వేరుశెనగ మానేసి జీడిపప్పు వేద్దామనుకుంటారేమో, దానికీ చీటీ కావాల్సిందే.

ఎడిన్‌బరా

చేయి శుభ్రంగా కడుక్కుని సెట్‌లోకి వెళ్లు చెల్లీ. పసుపు చేత్తో గ్రాండ్ చెయిన్ వేస్తే ఆ రాత్రి హాల్లో తెల్ల చొక్కా ఒక్కటీ మిగలదు.