అందరూ నాకు వినిపిస్తున్నారు, నేను మాత్రం ఎవరికీ వినిపించడం లేదు: లీనియర్ కొనవలసిందేనా?

ప్రశ్న

మిత్రులందరికీ నమస్కారం. హామ్ రేడియో (ఔత్సాహికుల రేడియో) పరీక్ష రాసి, లైసెన్సూ కాల్ సైనూ (గాలిలో నన్ను గుర్తించే పేరు) చేతికొచ్చి నాలుగు నెలలయింది. ఒకరు వాడి అమ్మిన హెచ్‌ఎఫ్ రిగ్ (దూరానికి వెళ్లే పొట్టి తరంగాల రేడియో సెట్టు) ఒకటి సంపాదించాను. అది 100 వాట్లు ఇస్తుంది. 40 మీటర్ల బ్యాండు కోసం రాగితీగతో స్వయంగా డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) కట్టి, నేల నుంచి సుమారు 4 మీటర్ల ఎత్తున రెండు స్తంభాల మధ్య లాగాను. యాంటెన్నా నుంచి తిరిగొచ్చే శక్తిని బట్టి అంకె చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (1 అంటే ఏమీ తిరిగి రానట్టు) 1.3 చూపిస్తోంది కనుక యాంటెన్నాలో లోపమేమీ లేదనే అనుకుంటున్నాను.

చీకటి పడ్డాక రిగ్ పెడితే దూరదేశాల స్టేషన్లు పక్క గదిలో మాట్లాడుతున్నంత స్పష్టంగా వినిపిస్తాయి. నేను సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలిస్తే మాత్రం జవాబు రాదు. ఇప్పటివరకు నా లాగ్‌బుక్కుకు ఎక్కినవి 9 క్యూఎస్‌ఓలే (రెండు వైపులా జరిగిన సంభాషణలు). అవి కూడా పగటిపూట దగ్గరి స్టేషన్లతో జరిగినవే. ఒక దూరపు స్టేషన్ కోసం పైలప్‌లో (ఒకే స్టేషన్‌ను చాలామంది ఒకేసారి పిలిచే గుంపులో) గంటసేపు పిలిచాను, నా కాల్ సైన్‌లో ఒక్క అక్షరమైనా అటువైపు అందలేదు. మరొక సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. మైకు మీట నొక్కే ముందు నాకు గొంతు ఎండిపోతుంది, నా పేరు చెప్పడానికే తడబడతాను.

400 వాట్ల లీనియర్ యాంప్లిఫయర్ (రిగ్ పంపే శక్తిని పెంచే యంత్రం) ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. దానితో ఈ సమస్య తీరుతుందా? లేకపోతే మాట్లాడే పని మానుకుని, అందరూ చెబుతున్న, కంప్యూటర్ల ద్వారా సందేశాలు మార్చుకునే ఎఫ్‌టీ8 వైపు వెళ్లడం మేలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

లీనియర్ కొనకండి, కనీసం ఇప్పుడే కొనకండి. 100 వాట్లను 400 వాట్లు చేస్తే పెరిగేది 6 డెసిబెళ్లు. అవతలివారి రిగ్‌లో సంకేత బలం చూపే ఎస్-మీటరు మీద అది ఒక్క గీత. మీరు అసలు వినిపించని చోట ఆ ఒక్క గీత మిమ్మల్ని నిలబెట్టదు.

ముందుగా ఎత్తు సంగతి చూద్దాం. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 42 మీటర్లు. మీ తీగ 4 మీటర్ల ఎత్తున ఉందంటే తరంగదైర్ఘ్యంలో పదో వంతు ఎత్తున ఉన్నట్టు. అంత కిందుగా ఉన్న డైపోల్ తన శక్తిలో కొంత నేలకే ధారపోసి, మిగిలినదాన్ని దాదాపు నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపుతుంది. అది పైన ఉండి తరంగాలను కిందికి తిప్పిపంపే అయనావరణాన్ని తాకి చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలోనే దిగుతుంది. పగలు దగ్గరి స్టేషన్లు మీకు దొరుకుతున్నది అందువల్లనే. 10 మీటర్లకు ఎత్తితే ఈ బ్యాండులో నేలపాలయ్యే శక్తి బాగా తగ్గుతుంది. అదే ఎత్తున 20 మీటర్ల బ్యాండుకు 10 మీటర్ల పొడవు డైపోల్ కడితే, అది సగం తరంగదైర్ఘ్యం ఎత్తున ఉన్నట్టవుతుంది కాబట్టి దూరానికి పనికొచ్చే వాలుకోణంలో తరంగాలను పంపుతుంది.

అయితే నాకు అంతకంటే ఎక్కువ అనుమానం మీ కేబుల్ మీద ఉంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.3 ఉందని నిశ్చింతగా ఉన్నారు; ఒకప్పుడు నేనూ అలాగే ఒక ఏడాది పోగొట్టుకున్నాను. రిగ్ నుంచి వెళ్లే శక్తి కేబుల్‌లోనే హరించుకుపోతే యాంటెన్నా నుంచి తిరిగి వచ్చేది కూడా దారిలోనే ఇంకిపోతుంది, కనుక మీటరుకు తిరుగు శక్తి కనిపించదు. పాడైన కేబుల్ మంచి అంకె చూపిస్తుందంటే నమ్మడం కష్టమే కానీ అది నిజం. ఒక వానాకాలం తర్వాత నేను యాంటెన్నా దగ్గరి కనెక్టరు విప్పితే లోపలి నుంచి రెండు చుక్కల నీళ్లు చేతిమీద పడ్డాయి. నల్లని తొడుగును బ్లేడుతో చీల్చి చూస్తే, ఎర్రగా మెరవవలసిన రాగి అల్లిక బొగ్గులా నల్లబడి, గోటితో గీకితే పొడిగా రాలింది. మూర చొప్పున కోసుకుంటూ పోయాను. మంచి రాగి కనిపించేసరికి మూడు మీటర్ల కేబుల్ నేలమీద ముక్కలై పడి ఉంది.

పరీక్షించడం సులువే. యాంటెన్నా వైపు చివరను విప్పి, ఆ కొసను దేనికీ కలపకుండా వదిలి, ఇవతల యాంటెన్నా అనలైజరుతో కొలవండి. ఈ పనికి రిగ్ పూర్తి శక్తిని మాత్రం వాడకండి. కేబుల్ బాగుంటే ఎస్‌డబ్ల్యూఆర్ చాలా ఎక్కువగా ఉండాలి. 3 మాత్రమే చూపిస్తే మీరు పంపేదాంట్లో సగం శక్తి కేబుల్‌కే ఆహుతవుతున్నట్టు లెక్క.

ఇంత పోతుంటే దూరదేశాలు స్పష్టంగా ఎలా వినిపిస్తున్నాయని మీకు సందేహం రావచ్చు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశం నుంచి వచ్చే రొద ఎప్పుడూ ఎక్కువే. కేబుల్ ఆ రొదనూ సంకేతాన్నీ ఒకే పాళ్లలో తగ్గిస్తుంది కాబట్టి వినేటప్పుడు తేడా తెలియదు. పంపేటప్పుడు మాత్రం నష్టమంతా మీ ఖాతాలోనే పడుతుంది.

రెండో సమాధానం

పైన రాసిన మిత్రుల మాట అక్షరాలా నిజం. నేను సాంకేతిక విషయాలు పక్కనపెట్టి ఆపరేటింగ్ గురించి చెబుతాను. పైలప్‌లో గంటసేపు పిలిచానన్నారు. ఆ గంటలో ఎంతసేపు విన్నారు? దూరపు స్టేషన్ ఒక్కో క్యూఎస్‌ఓ ముగించగానే ‘ఫైవ్ అప్’ అనో, ‘ఫైవ్ టు టెన్’ అనో అంటుంది. తాను వింటున్నది ఈ ఫ్రీక్వెన్సీలో కాదు, 5 కిలోహెర్ట్జ్ పైన, లేదా 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ పైన అని దాని అర్థం. ఆ ఒక్క మాట వినకుండా ఆయన మాట్లాడే చోటే పిలిస్తే మీ పిలుపు ఆయన చెవిన పడకపోగా, ఆయనను వింటున్న వందలాది మందికి అడ్డు తగులుతుంది. మంచి ఆపరేటరు ముందు పది నిమిషాలు మౌనంగా విని, ఆయన ఏ స్టేషన్‌ను ఏ ఫ్రీక్వెన్సీలో అందుకుంటున్నారో, తర్వాత పైకి జరుగుతున్నారో కిందికి వస్తున్నారో కనిపెట్టి, ఆయన రాబోయే చోట కాచుకుని ఒక్కసారి పూర్తి కాల్ సైన్ చెప్పి ఆగుతాడు.

లీనియర్ గురించి మీ మనసు ఇంకా ఊగిసలాడుతుంటే ఈ పని చేసి చూడండి. రిగ్‌ను 14.100 మెగాహెర్ట్జ్‌లో సీడబ్ల్యూ (మోర్స్) మోడ్‌లో పెట్టి మూడు నిమిషాలు వినండి. ప్రపంచంలో వేర్వేరు చోట్ల నెలకొల్పిన 18 బీకన్ (వాటంతట అవే సంకేతం పంపే) స్టేషన్లు వంతులవారీగా అక్కడ పలుకుతాయి. ఒక్కోదానికి 10 సెకన్లు. ప్రతి బీకనూ తన కాల్ సైన్‌ను మోర్స్‌లో పంపాక నాలుగు పొడుగు గీతలు పంపుతుంది. మొదటి గీత 100 వాట్లతో, రెండవది 10తో, మూడవది 1తో, నాలుగవది 0.1 వాటుతో ఉంటుంది. వేల కిలోమీటర్ల దూరాన ఉన్న బీకన్ నుంచి మూడో గీత సన్నగా, ఎక్కడో దీపం మినుకుమన్నట్టు వినిపించిన క్షణంలో, ఒక్క వాటుకు ఎంత దూరం వెళ్లే సత్తా ఉందో మీ చెవులకే తెలుస్తుంది. ఏ దిక్కు తెరుచుకుని ఉందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

వేళ కూడా ముఖ్యం. పగలు అయనావరణంలోని డి పొర దూరం వెళ్లవలసిన 7 మెగాహెర్ట్జ్ తరంగాలను చాలావరకు మింగేస్తుంది. సూర్యాస్తమయం తర్వాత ఆ పొర చెదిరిపోయి దూరం తెరుచుకుంటుంది. 14 మెగాహెర్ట్జ్ దాదాపుగా దీనికి తలకిందులు, పగటి బ్యాండు.

ఇక మైకు భయం గురించి. దాని గురించి సిగ్గుపడవలసిన పని లేదు. మొదటి క్యూఎస్‌ఓలో నేను నా ఊరి పేరు తప్పు చెప్పాను, అవతలి పెద్దాయన మాత్రం తొందరపెట్టకుండా మరోసారి అడిగి రాసుకున్నారు. ఒక కాగితం మీద మీ కాల్ సైన్‌ను ఆల్ఫా, బ్రావో పద్ధతిలో (అక్షరానికో పదం చొప్పున) విడమరిచి, దాని కింద పేరు, ఊరు, రిగ్, యాంటెన్నా వివరాలు రాసి ఎదురుగా పెట్టుకోండి. మీరు సీక్యూ పిలవడం కంటే, పిలుస్తున్నవారికి జవాబివ్వడం తేలిక. పిలుస్తున్నారంటే వారు మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నట్టే కదా. రోజూ ఒకే వేళకు హామ్‌లు గాలిలో కూడే నెట్‌లో చేరితే ఇంకా మంచిది. నెట్ కంట్రోల్‌లో ఉన్నవారు పేరుపేరునా పిలుస్తారు, మీ వంతు వచ్చేదాకా విని నేర్చుకోవచ్చు, మీ సంకేతం ఎలా ఉందో అక్కడివారు మొహమాటం లేకుండా చెబుతారు.

మూడో సమాధానం

ఎఫ్‌టీ8 గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. పల్సార్ పరిశోధనకు 1993లో భౌతికశాస్త్ర నోబెల్ పొందిన జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే అనే మరొక హామ్‌తో కలిసి 2017లో దీన్ని తెచ్చారు. 15 సెకన్ల వంతులు, కేవలం 50 హెర్ట్జ్ వెడల్పు. చెవికి రొద తప్ప మరేమీ వినిపించని చోట కూడా కంప్యూటరు సందేశాన్ని ఏరుకుంటుంది. దీన్ని ‘అసలైన రేడియో కాదు’ అని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. అయితే మైకు భయంతో దాని చాటుకు వెళ్లడం కూడా నాకు సమ్మతం కాదు. అందులో మార్చుకునేది కాల్ సైన్, గ్రిడ్ (ఉన్న చోటును తెలిపే గుర్తు), రిపోర్టు (సంకేత బలం) మాత్రమే. మనిషి గొంతు ఉండదు, ‘మీ దగ్గర వాన పడుతోందా’ అని అడగడానికి వీలుండదు.

మీరు దాన్ని కొలబద్దగా వాడుకోండి. పది నిమిషాలు సీక్యూ పంపి, పీఎస్‌కే రిపోర్టర్ అనే వెబ్‌సైటు పటంలో మిమ్మల్ని ఎవరెవరు విన్నారో చూడండి. కేబుల్ బాగుచేయక ముందు ఒకసారి, చేశాక అదే వేళకు మరొకసారి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. శక్తిని మాత్రం 30 వాట్లకు తగ్గించండి, ఎందుకంటే ప్రతి వంతులోనూ దాదాపు 13 సెకన్లపాటు ట్రాన్స్‌మిటరు ఎడతెగకుండా పనిచేయాలి.

ఒక పాత సంగతి చెప్పి ముగిస్తాను. 200 మీటర్ల కంటే పొట్టి తరంగాలు దూరానికి పనికిరావన్న నమ్మకంతో ఒకప్పుడు అమెరికాలో హామ్‌లను అటువైపు నెట్టారు. 1923 నవంబరులో అమెరికాకు చెందిన ఫ్రెడ్ ష్నెల్, ఫ్రాన్స్‌కు చెందిన లియోన్ డెలోయ్ సుమారు 110 మీటర్లలో అట్లాంటిక్ మహాసముద్రానికి ఇరువైపుల నుంచీ మోర్స్‌లో మాట్లాడుకున్నారు. అప్పటి వాణిజ్య స్టేషన్లు పెద్ద యంత్రాలతో దీర్ఘ తరంగాల మీద చేస్తున్న పనిని వారు కొద్దిపాటి శక్తితో, సరైన తరంగదైర్ఘ్యాన్ని ఎంచుకుని చేశారు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మూడు వారాలు ఆగి, చేసి చూశాకే రాస్తున్నాను. కేబుల్ కొసను వదిలేసి కొలిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 2.6 వచ్చింది. అంటే సగానికి పైగా శక్తి దారిలోనే పోతోందన్నమాట. యాంటెన్నా దగ్గర నేను చుట్టిన టేపు ఎండకు పగిలి ఉంది; విప్పితే అల్లిక ఆకుపచ్చగా చిలుము పట్టి కనిపించింది. కొత్త కేబుల్ వేసి, కీలు దగ్గర రబ్బరు టేపు సాగదీసి చుట్టి, దానిమీద మామూలు టేపు కింది నుంచి పైకి చుట్టాను. స్తంభాలను 9 మీటర్లకు పెంచగలిగాను. ఇప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ 1.6 చూపిస్తోంది, కేబుల్ దాచకుండా అసలు అంకె కనిపిస్తోంది కనుక మొదటిసారి అంకె పెరిగినందుకు సంతోషించాను.

14.100 కూడా విన్నాను. రెండు బీకన్ల నుంచి మూడో గీత అందింది, నాలుగవది ఇంకా దొరకలేదు.

మొన్న రాత్రి 40 మీటర్లలో ఒక దూరపు స్టేషన్ సీక్యూ పిలుస్తుంటే కాగితం ముందు పెట్టుకుని జవాబిచ్చాను. సంకేతం అలలా పైకి లేచి కిందికి పడుతోంది. నా కాల్ సైన్‌లో చివరి అక్షరం ఆయనకు అందలేదు. నేను వదిలేస్తాననుకున్నారేమో, ‘ఆగండి, ఎక్కడికీ వెళ్లకండి, సంకేతం మళ్లీ లేస్తుంది’ అన్నారు. ఇద్దరం దాదాపు నిమిషంపాటు ఏమీ మాట్లాడకుండా ఆ రొదను వింటూ ఉండిపోయాం. సంకేతం లేవగానే నేను ఆ ఒక్క అక్షరాన్ని మూడుసార్లు పలికాను. ఆయన కాల్ సైన్ మొత్తం తిరిగి చెప్పి, ఫైవ్ త్రీ (మాట స్పష్టం, సంకేతం బలహీనం) రిపోర్టు ఇచ్చారు. లాగ్‌లో అది పదో క్యూఎస్‌ఓ.

లీనియర్ అమ్ముతున్నవారికి అక్కరలేదని చెప్పేశాను. 20 మీటర్ల డైపోల్‌కు తీగ కోసి పెట్టుకున్నాను, ఈ ఆదివారం ఎత్తుతాను.