సెంటు భూమి పోలేదు, ఇల్లు గుంటలో పడింది: పరిహారం అడగొచ్చా?

మూడుమెట్లు:
2004లో ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లు ఎక్కితే మా గడప. నిరుడు రోడ్డు వెడల్పు చేశారు. పాతది తవ్వకుండా దాని మీదే కంకర, ఆ పైన సీసీ. ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు దిగితే వరండా. గట్టి వాన పడితే వీధి నీళ్ళన్నీ మా సంపులోకే. ఎదురింటాయనకి ప్రహరీ వైపు నాలుగడుగులు పోయాయి, డబ్బు వచ్చింది. ఆయనది పోయింది కాబట్టి వచ్చింది, నేను కాదనను. నాకు మాత్రం "మీది సెంటు కూడా తీసుకోలేదు, ఫైలే లేదు" అన్నారు. జాకీలు పెట్టి ఇల్లు లేపించుకోమని మేస్త్రి సలహా. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

లెక్కలమాస్టారు:
మీ బాధ అర్థమైందండీ. కానీ రోడ్డు పడ్డాక మీ వీధిలో గజం ధర పెరిగిందా లేదా? ఆ పెరిగిన దాంట్లో వాటా ఇమ్మని ఎవరూ మీ ఇంటికి రాలేదు కదా. లాభం మనది, నష్టం సర్కారుది అంటే ఎలా? రేపు దుమ్ముకీ హారన్‌కీ కూడా పరిహారం అడుగుతారు. అప్పుడిక రోడ్లెవరు వేస్తారు?

మూడుమెట్లు:
పెరిగింది మాస్టారూ, అమ్ముకునేవాడికి. నేను ఉంటున్నాను. అయినా కొనడానికి వచ్చినవాడు ముందు చూసేది రోడ్డుకీ ఇంటికీ లెవలే.

పట్టాకాగితం:
2013 భూసేకరణ చట్టంలో 28వ సెక్షన్ చూడండి. భూమి ముక్క విడిపోవడం వల్ల నష్టం, మిగిలిన ఆస్తికి దెబ్బ, సంపాదనకు దెబ్బ, అన్నీ లెక్కలోకి తీసుకోవాలనే ఉంది. కాకపోతే భూమి పోయినవాళ్ళకే. మీ ఎదురింటాయనకి మార్కెట్ విలువ, దాని మీద మళ్ళీ అంతే సొలేషియం (భూమి బలవంతంగా పోయినందుకు ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము), మిగతా ఇంటికి జరిగిన నష్టం, అన్నీ అడిగే వీలుంది. ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామంటే 94వ సెక్షన్ పట్టుకుని "తీసుకుంటే మొత్తం తీసుకోండి" అని కూడా అనొచ్చు. జాతీయ రహదారుల చట్టంలో 3జీ సెక్షన్ కూడా కాస్త ఇదే వరస. అంగుళం పోయినా అడగడానికి దారుంది. ఏమీ పోకపోతే ఈ చట్టాల్లో మీకు చోటు లేదు. సివిల్ కోర్టో, హైకోర్టులో రిట్టో చూసుకోవాలి.

లీడ్స్ నుంచి:
ఇంగ్లండ్‌లో దీనికి 1973 నుంచే చట్టం ఉంది. భూమి పోకపోయినా, రోడ్డు మీద తిరిగే బండ్ల శబ్దం, అదురు, పొగ, వాసన, దీపాల వెలుతురు లాంటి వాటివల్ల ఇంటి విలువ తగ్గితే అడగొచ్చు. రోడ్డు తెరిచిన ఏడాది తర్వాతే, అదీ ఆపై ఆరేళ్ళలోపు. మాస్టారి ప్రశ్నకీ అందులో జవాబుంది: రోడ్డు వల్ల విలువ పెరిగితే ఆ పెరిగింది తీసేసి లెక్క కడతారు. కిటికీలోంచి కనిపించే పచ్చిక పోయిందని అడిగితే మాత్రం పైసా రాదు. ఇంకో తమాషా, పాత రోడ్డే అయితే దాని చోటో వెడల్పో ఎత్తో మారి ఉండాలి. ఉత్తినే పైన కొత్త పొర వేశారంటే కుదరదు. మూడుమెట్లు గారి నీళ్ళ గొడవకి అక్కడి చట్టం కూడా పనికిరాదేమో, అది ట్రాఫిక్ తెచ్చే బాధల కోసం పెట్టింది.

ఫ్యాన్సీషాపు:
అందరూ సొంత ఇళ్ళ గొడవే మాట్లాడుతున్నారు. మాది అద్దె షాపు. ఎనిమిది నెలలు షాపు ముందు గొయ్యి, దాని మీద ఒక చెక్క. శ్రావణమాసం గిరాకీ మొత్తం పోయింది. అద్దె ఆగలేదు. రోడ్డు పూర్తయ్యాక ఓనరు అద్దె పెంచాడు కూడా. మాస్టారూ, మీరన్న లాభం నాకెక్కడుందో కాస్త చూపించండి.

లెక్కలమాస్టారు:
మీ విషయంలో నా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఒప్పుకుంటా. సొంతదారుల సంగతిలో మాత్రం నా మాట మీదే ఉన్నా.

రిటైర్డ్ ఏఈ:
డబ్బు సంగతి సరే, అసలు తప్పు లెవల్‌ది. తారు పొర ఒక్కోటి 30 నుంచి 50 మిల్లీమీటర్లు. గీకకుండా నాలుగుసార్లు వేస్తే ఒక మెట్టు మాయం. పాతది గీకి అంతే మందం కొత్తది వేస్తే ఎత్తు పెరగదు. కానీ గీకే ఖర్చు ఎస్టిమేట్‌లో లేకపోతే కాంట్రాక్టరు ఎందుకు గీకుతాడు? నా సర్వీసులో అలాంటి ఎస్టిమేట్ల మీద నేనూ సంతకాలు పెట్టాను, దాచేదేముంది. డ్రెయిన్ గోడ రోడ్డుకన్నా ఎత్తుగా కడితే మరీ ఘోరం, నీళ్ళు అందులో పడవు, ఇళ్ళలోకి తిరుగుతాయి. మూడుమెట్లు గారూ, రోడ్డు పడకముందు మీ మెట్ల ఫోటో ఉందా? ఆఫీసుకెళ్ళినా కోర్టుకెళ్ళినా ముందు అడిగేది అదే.

మూడుమెట్లు:
మెట్లకి ఫోటో తీసుకోవాలని ఎవరికి తోస్తుంది సార్! పొద్దుట్నుంచి ఆల్బమ్‌లు తిరగేస్తున్నాం. 2011లో మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌ది ఒకటి దొరికింది. చుట్టాలంతా మెట్ల మీద నిలబడ్డారు. అడుగు మెట్టు మా మేనత్త కుచ్చిళ్ళ వెనక సగం కనిపిస్తోంది. సరిపోతుందంటారా?

రిటైర్డ్ ఏఈ:
అదొక్కటే చాలదు. పక్కన కరెంటు స్తంభం పడిందేమో చూడండి. పడితే అప్పుడు ఎంత పైకి ఉందో, ఇప్పుడు ఎంత పూడిందో టేపుతో కొలవొచ్చు.