బెల్జియం కార్మికులు పల్లెల్లోనే ఎందుకు ఉండిపోయారు?

పందొమ్మిదో శతాబ్దపు బెల్జియంపై వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. ఆ చరిత్ర చదివినవారు సాయం చేయగలరని ఆశిస్తున్నాను.

తూర్పు బెల్జియంలోని లియేజ్ నగరం పక్కన సెరాంగ్‌లో, ఒకప్పుడు ప్రిన్స్-బిషప్పుల (ఆ ప్రాంతాన్ని రాజుల్లా పాలించిన బిషప్పుల) విడిదిగా ఉన్న భవనంలో, పారిశ్రామికవేత్త జాన్ కాకెరిల్ 1817లో ఇనుము, యంత్రాల కర్మాగారం నెలకొల్పాడు. 1835లో బ్రస్సెల్స్ నుంచి మెహెలెన్‌కు రైలు నడిచింది. అదే కాలంలో బెల్జియం ఉత్తర ప్రాంతమైన ఫ్లాండర్స్ పల్లెల్లో ఇంటింటా అవిసె నార వడికి, మగ్గం నేసి బతికినవారు యంత్రపు నూలు ముందు నిలవలేకపోయారు. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకడంతో ఆకలి చావులు కూడా చూశారు. ఇంతవరకు నాకు సందేహం లేదు.

1870 ప్రాంతం నుంచి ప్రభుత్వ రైల్వే కూలీలకు చౌక వారపు టికెట్లు ఇవ్వడంతో, ఎందరో ఫ్లెమిష్ (ఫ్లాండర్స్‌కు చెందిన) కూలీలు తెల్లవారకముందే బండెక్కి గనికో మిల్లుకో వెళ్ళి, రాత్రికి సొంత ఊళ్ళో తమ దుంపల మడి దగ్గరకు తిరిగి రాగలిగారు. కూలీలు పట్టణాల్లో గుమిగూడి సోషలిస్టుల వైపు మళ్ళకూడదన్న పాలకుల ఆలోచన ఇందులో ఎంత, చౌక శ్రమ కోరిన యజమానుల అవసరం ఎంత? మొదటిదే బలమైనదని నాకు తోస్తోంది, అయితే 1886 నాటి కార్మికుల అల్లర్లు దక్షిణాన ఉన్న వాలోనియా పారిశ్రామిక ప్రాంతంలోనే రగిలాయన్నది తప్ప నా దగ్గర వేరే ఆధారం లేదు.

మగవారు రోజంతా లేని ఆ ఇళ్ళలో సేద్యం, అప్పులు, పిల్లల చదువు వంటి విషయాల్లో ఆడవారి మాట చెల్లుబాటు పెరిగిందా, లేక పని భారం మాత్రమే పెరిగిందా? ఒక్క గ్రామాన్ని తీసుకుని ఈ సంగతి పరిశీలించిన అధ్యయనం ఏదైనా మీ దృష్టికి వచ్చి ఉంటే దయచేసి తెలియజేయండి; ఫ్రెంచిలో ఉన్నా ఫరవాలేదు.