క్రీక్ యుద్ధం మీద పాప ప్రాజెక్ట్, ఎవరు ఎవరితో కొట్టుకున్నారో అర్థం కావట్లేదు, హెల్ప్ చేయండి

అందరికీ నమస్తే అండి. మేం అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాం, పాప ఎనిమిదో క్లాసు. 1813-14 క్రీక్ యుద్ధం మీద పోస్టర్ చేయాలంట. ఒక పక్క క్రీకులు (ఇక్కడి స్థానిక అమెరికన్ తెగ), ఇంకో పక్క అమెరికా సైన్యం అని గీసేసింది, తీరా చదువుతుంటే అమెరికా జనరల్ ఆండ్రూ జాక్సన్ సైన్యంలోనే క్రీకులు ఉన్నారని వస్తోంది, ఇద్దరం తికమక పడిపోయాం. ఎక్కడ మొదలుపెట్టాలి? శనివారం అలబామాలో ఆ యుద్ధం జరిగిన చోటు హార్స్‌షూ బెండ్ వెళ్దామనుకుంటున్నాం, అక్కడ చూడ్డానికి ఏమన్నా ఉంటుందా?

---

అక్కా, ముందు ఆ రెండు పక్కల బొమ్మ తీసేయమనండి, చిక్కంతా దాంతోనే. ఇది క్రీకుల ఇంటిగొడవగా మొదలైంది. మన లేనియర్ చెరువు నీళ్ళు పోయే చట్టహూచీ నదికి దిగువన ఉన్నవి కింది ఊళ్ళు, అలబామాలో కూసా, తల్లపూసా నదుల మీదవి పై ఊళ్ళు. అమెరికా ప్రభుత్వ ఏజెంట్ బెంజమిన్ హాకిన్స్ నాగళ్ళు, మగ్గాలు ఇచ్చి మాలాగా బతకండి అనేవాడు, కింది ఊళ్ళల్లో చాలామంది సరే అన్నారు, పై ఊళ్ళల్లో చాలామందికి అస్సలు నచ్చలేదు, పైగా వాళ్ళ నేల మీదుగానే ఫెడరల్ రోడ్డు వేశారు. 1811లో షానీ అనే ఇంకో తెగ నాయకుడు టెకుమ్సే వచ్చి తెగలన్నీ అమెరికాకి ఎదురుగా ఒక్కటవుదాం అన్నాడు. తర్వాత సెటిలర్లని, అంటే వచ్చి స్థిరపడిన తెల్లవాళ్ళని, చంపినవాళ్ళని శిక్షించాల్సిందే అని హాకిన్స్ పట్టుబడితే క్రీక్ పెద్దలే తమవాళ్ళని చంపించారు, దాంతో 1813లో భగ్గుమంది. తిరగబడినవాళ్ళ దుడ్డుకర్రలకి ఎర్ర రంగు ఉండేది, అందుకే రెడ్ స్టిక్స్ అన్నారు. వాళ్ళకి ఎదురు నిలిచిన క్రీకులే జాక్సన్ పక్క పోరాడారు.

ఇంకోటి. ఆగస్టు 30న రెడ్ స్టిక్స్ సెటిలర్లు తలదాచుకున్న ఫోర్ట్ మిమ్స్ కోట మీద పడి ఆడవాళ్ళు, పిల్లలతో సహా వందల మందిని చంపారు. నవంబర్ 3న జాక్సన్ మనుషులు రెడ్ స్టిక్స్ ఊరు టల్లుషాచీని చుట్టుముట్టి 186 మంది యోధుల్ని చంపారు, ఆడవాళ్ళూ పిల్లలూ పోయారు, చనిపోయిన తల్లి దగ్గర దొరికిన పసివాణ్ణి జాక్సన్ తన ఇంటికి పంపి పెంచుకున్నాడు, పేరు లిన్‌కోయా. దయచేసి రెండూ పోస్టర్‌లో పెట్టించండి, ఒకటి చెప్పి ఒకటి వదిలేస్తే అన్యాయం.

---

మేం పోయినేడాది పోయినం అక్కా. అలబామా టైం మనకన్నా గంట వెనక, గుర్తుంచుకోండి. టికెట్ లేదు, కారులోనే తిరగొచ్చు, మూడు మైళ్ళ రోడ్డు. కోట గీట ఏం కనబడదు, గడ్డిల తెల్ల గుంజలు పాతిండ్రు, దుంగల గోడ ఉన్న లైన్ అదే, పాపని అక్కడ నిలబెట్టి చుట్టూ చూడమనండి, మూడు దిక్కులా తల్లపూసా నదే. అప్పుడు లోపల వాళ్ళ నాయకుడు మెనావా, వెయ్యి మంది దాకా రెడ్ స్టిక్స్. 1814 మార్చి 27న ఫిరంగులు కొట్టినా గోడ పడలే, అప్పుడు జాక్సన్ వైపున్న ఇంకో తెగ చెరోకీలు వెనకనుంచి నది ఈది వీళ్ళ పడవలే పట్టుకొచ్చి దాటి మీద పడ్డరు, ముందునుంచి సైన్యం గోడెక్కింది. 800 మందికి పైగా రెడ్ స్టిక్స్ పోయిండ్రు. నది ఒడ్డున నిలబడ్డంక మాకు మాట రాలే.

---

థాంక్యూ సో మచ్ అండి. మరి జాక్సన్ పక్క పోరాడిన క్రీకులకి ఏం దక్కింది? పాప అదే అడుగుతోంది.

---

మంచి ప్రశ్న అడిగింది అక్కా. 1814 ఆగస్టు 9న ఫోర్ట్ జాక్సన్ ఒప్పందం, క్రీకుల దగ్గర రెండు కోట్ల ఎకరాలకి పైగా లాక్కున్నారు, అలబామాలో సగం దాకా, జార్జియా దక్షిణ భాగం కూడా. సంతకాలు పెట్టినవాళ్ళలో దాదాపు అందరూ జాక్సన్ వైపు ఉన్న పెద్దలే, వాళ్ళ నేల కూడా అందులోనే పోయింది. 1836లో మిగిలినవాళ్ళని పడమటికి తోలేశారు, ఇప్పుడు వాళ్ళ రాజధాని ఓక్లహోమాలో ఓక్మల్గీ, పోస్టర్ మీద మస్కోగీ అని వాళ్ళ పేరు కూడా రాయించండి. నది ఈదిన చెరోకీలని కూడా 1838లో వెళ్ళగొట్టారు, మీరున్న కమ్మింగ్ వాళ్ళ నేలే.

---

ఇప్పుడే చదివి వినిపించాను అండి. పాత చార్ట్ పక్కన పెట్టేసి కొత్తది తీసుకుంది, నదులతో మొదలుపెట్టింది.