టోబార్ కోసం వెనక బంపర్ ఇంట్లోనే కోయాలి, గీత ఎక్కడ గీయాలి?

పడవబండి:
ఎస్‌యూవీకి టోబార్ (వెనక ట్రైలర్ తగిలించే ఇనప బార్) కిట్ తెచ్చాను, ట్రైలర్ తగిలే బంతి ఉన్న మెడ విప్పి తీసే రకం. లాగేది లేజర్ అనే చిన్న తెరచాప పడవ, ట్రైలర్ మీద, హుస్సేన్‌సాగర్ దాకా. బార్ చాసిస్ రంధ్రాలకి సరిగ్గా కూర్చుంది. మెడ బయటికి రావాలంటే బంపర్ కింది అంచు మధ్యలో కోయాలి, కానీ కిట్‌లో కోత కొలతలు లేవు. బంపర్ విప్పకుండా గ్రైండర్‌తో కింది నుంచే కోసేయొచ్చా? ఎంత వెడల్పు?

రాణిగంజ్ స్పానర్:
విప్పకుండా ముట్టుకోకు అన్నా. లోపల సెన్సర్ వైర్లు బంపర్‌కి ఆనుకునే పోతాయి, కింది నుంచి కనపడవు. గ్రైండర్ అసలే వద్దు. బంపర్ పాలీప్రొపిలీన్, 160 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. డిస్క్ వేడికి కోసిన చోటే మళ్లీ అతుక్కుంటుంది, అంచున రంగు లేస్తుంది.

ముందు బార్‌ని చాసిస్‌కి బిగించి మెడ పెట్టు. మెడ బంపర్‌కి తగిలే చోట సుద్ద పూసి, విప్పిన బంపర్‌ని తెచ్చి ఆనించు. లోపలి వైపు గుర్తు పడుతుంది. ఆ గుర్తుకి రెండు పక్కలా 10 మి.మీ. వదిలి గీత గియ్యి. నంబర్ ప్లేట్ మధ్యని కొలతకి తీసుకోకు, అది కొన్ని బండ్లలో కాస్త పక్కకి ఉంటుంది.

గీత మూలల్లో 8 మి.మీ. డ్రిల్‌తో రంధ్రం పెట్టు. పదునైన మూల వదిలితే కుదుపులకి అక్కడి నుంచే చీలుతుంది. రెండు వైపులా మాస్కింగ్ టేప్ వెయ్యి. దుప్పటి మీద రంగు వైపు కిందకి పెట్టి, లోపలి వైపు నుంచి జిగ్‌సా తక్కువ స్పీడ్‌లో నడుపు. మామూలు జిగ్‌సా బ్లేడ్ పైకి లాగేటప్పుడు కోస్తుంది, కాబట్టి చెక్కు లేచేది పై వైపే. జిగ్‌సా లేకపోతే అంగుళానికి 24 పళ్ల హాక్సా బ్లేడ్ చాలు. మొదటి కోత గీతకి 5 మి.మీ. లోపలే ఆపి, బంపర్ పెట్టి చూసి, మిగతాది ఆకురాయితో తెచ్చుకో. ఆఖర్న 120, 240 నంబర్ గరుకు కాగితం, పైన రబ్బర్ బీడింగ్.

చాసిస్ బోల్ట్:
పైన చెప్పిన వెడల్పు బిగించేసిన మెడకైతే సరిపోతుంది. విప్పే రకానికి చాలదు. తాళం తిప్పాలి, పిడి లాగాలి, మెడని కిందికి జార్చాలి, చెయ్యి కూడా దూరాలి. కోసే ముందు మెడ రెండు మూడుసార్లు పెట్టి తీసి, పిడి తిరిగే మేర అట్టముక్క మీద గీసుకోండి. చాలామంది రెండోసారి కోసేది ఇందుకే.

ఆ 10 మి.మీ. కూడా తగ్గించకండి. పొద్దున నీడలో కొలిచిన బంపర్ మే నెల మధ్యాహ్నానికి పొడవులో మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది.

బంపర్ వెనక ఇనప బీమ్‌ని మాత్రం కోయొద్దు. వెనక నుంచి గుద్దితే దెబ్బ మోసేది అదే. కొన్ని కిట్లలో బీమ్ తీసేసి ఆ చోట బార్ పడుతుంది, అది కిట్ కాగితంలో రాసి ఉంటేనే చేయండి. బోల్టులు తల మీద 8.8 లేదా 10.9 గుర్తున్నవే, బిగువు కాగితంలో ఎంతుంటే అంత, టార్క్ రెంచ్‌తో. కొన్ని ట్రిప్పుల తర్వాత మళ్లీ చూడండి. చాసిస్ రంగు గీసుకుపోయిన చోట జింక్ ప్రైమర్ వేయకపోతే ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది.

పడవబండి:
పిడి సంగతి నాకు తట్టలేదు, థాంక్స్ అన్నా. టెయిల్ లైట్ వైర్ నుంచి నేరుగా ట్రైలర్ సాకెట్‌కి లాగొచ్చా?

పన్నెండు వోల్టులు:
వద్దు. కొత్త బండ్లలో ఆ వైర్ల కరెంటుని కంప్యూటర్ చూస్తుంటుంది, ట్రైలర్ బల్బులు కలిపితే ఫాల్ట్ లైటు వెలుగుతుంది. బైపాస్ రిలే (బండి లైట్ల వైర్ మీద భారం వేయకుండా ట్రైలర్ లైట్లకి వేరే కరెంటు ఇచ్చే పెట్టె) పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ఉన్న విడి వైర్ తెచ్చుకో, ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి. మెడ పెట్టినప్పుడు రివర్స్ సెన్సర్లు మోగుతూనే ఉంటాయి, అది వైరింగ్ తప్పు కాదు.

ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. బండిలో మార్పుల గురించి 52వ సెక్షన్ ఉంది. బంపర్ కోయకముందే ఆర్టీఏలో అడుగు. లాగనప్పుడు మెడ విప్పి డిక్కీలో పెట్టు, నంబర్ ప్లేట్‌కి అడ్డం రాదు.